వరద వచ్చాక ఖర్చా, రాకముందు ఖర్చా: ఏది మేలు?

వాతావరణ మార్పును ఆపాలంటే బోలెడు డబ్బు కావాలి, అది ఇప్పుడు మనకెందుకు అనేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ లెక్క నెల్లూరులోనే వేసి చూద్దాం.

2021 నవంబరులో ఎగువన అన్నమయ్య డ్యాం కట్ట తెగింది. సోమశిల జలాశయం నుంచి పెన్నాలోకి లక్షల క్యూసెక్కులు వదలక తప్పలేదు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగి రాకపోకలు ఆగాయి. ఒక్క వరదను చూపించి ఇదంతా వాతావరణ మార్పే అనడం సరికాదు. కానీ ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టగలదు. అందుకే వాన కురిస్తే కుంభవృష్టి అయ్యే అవకాశం పెరుగుతోంది. రోడ్డు మరమ్మతు ప్రభుత్వ లెక్కల్లోకి వస్తుంది. ఇసుక మేట వేసిన చేను, తెగిన రొయ్యల గుంట, కౌలు రైతు వడ్డీకి తెచ్చిన పెట్టుబడి మాత్రం పూర్తిగా ఎక్కడా ఎక్కవు. కౌలు కాగితం లేనివాడికి పరిహారం దొరకడమే గగనం.

నివారణ రెండు రకాలు. పెన్నా పొర్లుకట్టలు, తీరంలో సరుగుడు తోటలు, మడ అడవులు, తుఫాను షెల్టర్లు: వీటికి పెట్టిన ఖర్చు ఫలితం ఇక్కడే కనిపిస్తుంది. బొగ్గు తగ్గించడం అలా కాదు. కృష్ణపట్నం థర్మల్ కేంద్రంలోని మూడు 800 మెగావాట్ల యూనిట్లు ఆపేసినా మన వరదలు ఆగవు. లాభం ప్రపంచమంతా పంచుకుంటుంది, ఉద్యోగాలు మాత్రం ఇక్కడ పోతాయి. ఈ అభ్యంతరం న్యాయమైనదే.

మరి ప్రపంచం మొత్తానికి లెక్క వేస్తే? 2006లో బ్రిటన్ ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ నివేదిక, చర్యలకు ఏటా జీడీపీలో 1 శాతం చాలని, ఊరుకుంటే నష్టం 5 నుంచి 20 శాతం దాకా ఉంటుందని చెప్పింది. రేపటి నష్టాన్ని నేటి విలువలోకి మార్చడానికి ఆయన వాడిన వడ్డీ రేటు 1.4 శాతం మరీ తక్కువని అమెరికా ఆర్థికవేత్త విలియం నార్డ్‌హాస్ లాంటివాళ్లు తప్పుపట్టారు. తేడా చిన్నది కాదు. 50 ఏళ్ల తర్వాత వచ్చే 100 రూపాయల నష్టం, 1.4 శాతంతో నేటి లెక్కలో 50 రూపాయలు. 5 శాతంతో 9 రూపాయలు కూడా కాదు. అయినా నార్డ్‌హాస్ ఊరుకోమనలేదు. కార్బన్ పన్ను (బొగ్గు, చమురు లాంటివి మండించి వదిలే కార్బన్‌పై వేసే పన్ను) తక్కువతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోదామన్నారు. మన మనవళ్లు పడే నష్టాన్ని 9 రూపాయలకు కుదించడానికి నాకు మనసొప్పదు.

నా ఓటు ముందు పొర్లుకట్టలకే. థర్మల్‌ను రేపే మూయమనను. కొత్త యూనిట్లకు పోసే డబ్బును సోలార్‌కు, దాన్ని నిల్వచేసే బ్యాటరీలకు మళ్లించాలి, ప్లాంటు కార్మికులకు ముందుగానే వేరే పని చూపించాలి. పరిహారం జాబితాలో కౌలు రైతు పేరు మాత్రం వచ్చే వానాకాలంలోపే చేరాలి.