412 ఫ్లాపీలు, ఆరేళ్ల వాడకం: డ్రైవుల గురించి, సాఫ్ట్‌వేర్ గురించి, తెలుగు అక్షరం గురించి

విజయవాడలో చాలాకాలం డీటీపీ పని, అంటే కంప్యూటరులో పేజీలు కూర్చే పని, చేశాను. 1993 నుంచి 2007 దాకా నేను కూర్చిన పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు అన్నీ ఫ్లాపీల్లోనే, అంటే కంప్యూటరు ఫైళ్లు దాచే పలచని అయస్కాంతపు డిస్కుల్లోనే, ప్రెస్సుకు వెళ్లేవి. దుకాణం ఎత్తేసినప్పుడు కంప్యూటర్లు అమ్మేశాను గానీ ఫ్లాపీలు పారేయడానికి మనసు ఒప్పలేదు. లెక్కపెడితే 412 తేలాయి. అందులో 32 పాత వెడల్పాటి రకం, అయిదుంపావు అంగుళాలవి. మిగతా 380 మూడున్నర అంగుళాలవి.

2019లో ఒకావిడ ఫోను చేశారు. వాళ్ల నాన్నగారు తెలుగు మాస్టారు. ఊరూరా తిరిగి జోలపాటలు సేకరించి 1998లో పుస్తకం వేశారు. దాన్ని కూర్చింది నేనే. 500 ప్రతులు అచ్చయ్యాయి. మాస్టారు కాలం చేశారు. ఇంట్లో మిగిలిన ఒక్క ప్రతినీ చెదలు సగం తినేశాయి. "అన్నయ్యగారూ, మీ దగ్గర ఆ ఫ్లాపీ ఏదైనా ఉందేమో ఒక్కసారి చూస్తారా?" అని అడిగారు. అట్టపెట్టె దించి చూస్తే మాస్టారి పేరు రాసి ఉన్న ఫ్లాపీలు నాలుగు కనబడ్డాయి.

ఆ రోజు మొదలైన పని ఇంకా సాగుతోంది. ఈ ఆరేళ్లలో వాడిన పరికరాల గురించి, ఇదే పనికి పూనుకునేవారి కోసం రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. డిస్కులోంచి ఫైలు బయటికి తీయడం ఇందులో తేలికైన భాగం. నా సమయంలో ఎక్కువ వంతు అక్షరం దగ్గర ఖర్చయింది.

మొదట కొన్నది యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు. 1,800 రూపాయలయింది. అరచేతిలో ఇమిడే పెట్టె, ఒకటే తీగ. విండోస్‌లో, లినక్స్‌లో, మ్యాక్‌లో విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే పనిచేసింది. మూడున్నర అంగుళాల డిస్కుల్లో 240కి పైగా దీంతోనే చదివాను. మీ దగ్గర ఉన్నవి ఇరవయ్యో ముప్పయ్యో మామూలు ఫ్లాపీలైతే ఇంతకు మించి ఏదీ కొనక్కర్లేదు.

దీని హద్దులు మాత్రం తెలిసి ఉండాలి. 1.44 ఎంబీ అని రాసి ఉండే డిస్కులో రెండు వైపులా 80 చొప్పున ట్రాకులు (గుండ్రటి వలయాలు), ట్రాకుకు 18 సెక్టార్లు (వలయంలోని ముక్కలు), సెక్టారుకు 512 బైట్లు ఉంటాయి. మొత్తం 2,880 సెక్టార్లు, 14,74,560 బైట్లు. యూఎస్‌బీ డ్రైవు ఈ అమరికనీ, దీనిలో సగం పట్టే 720 కేబీ అమరికనీ చదువుతుంది. మిగతావాటికి అక్కరకు రాదు. పాత మ్యాక్‌ల 800 కేబీ డిస్కు పెడితే దానికి ఏమీ కనబడదు. అప్పుడు విండోస్ 'ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా?' అని అడుగుతుంది. అక్కడ పొరపాటున సరే అంటే ఉన్నది కాస్తా పోతుంది. అందుకే డ్రైవులో పెట్టేముందు డిస్కు మూలన ఉండే చిన్న ప్లాస్టిక్ మీటను జరిపి, రంధ్రం తెరుచుకుందో లేదో వెలుతురుకు పట్టి చూస్తాను. రంధ్రం తెరిచి ఉంటే డ్రైవు ఆ డిస్కు మీద ఏదీ రాయలేదు. మూడున్నర అంగుళాల 380 డిస్కుల్లో ఒక్కదానికీ ఈ పని మానలేదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌లలో నేను చివరికి లినక్స్ దగ్గరే స్థిరపడ్డాను. విండోస్‌లో ఫైలు కాపీ చేస్తుంటే మధ్యలో ఒక్క సెక్టారు చెడినా మొత్తం కాపీ ఆగిపోతుంది. మ్యాక్‌లో డిస్కు తెరిస్తే, రంధ్రం మూసి ఉన్నపక్షంలో, సిస్టమ్ తన దాపుడు ఫైళ్లను డిస్కు మీద రాసేస్తుంది. పైగా మ్యాక్ తన సొంత పాత ఫైల్ వ్యవస్థ అయిన హెచ్ఎఫ్ఎస్‌ను 2019లో వచ్చిన కాటలీనా వెర్షన్ నుంచి చదవడం మానేసింది. ఆ డిస్కులను ఇవాళ లినక్స్ చదువుతోంది. పాత కంప్యూటర్లలో బోర్డుకే తగిలించే ఫ్లాపీ డ్రైవులను నడిపే కోడు సంరక్షణకు లినక్స్‌లోనూ 2019 నాటికి దిక్కులేకపోయింది గానీ, యూఎస్‌బీ డ్రైవుకు ఆ బాధ లేదు. అది పెన్‌డ్రైవు లాగా కనిపిస్తుంది.

లినక్స్‌లో నా ప్రాణం నిలిపింది డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము. ఫైళ్ల జోలికి వెళ్లదు. డిస్కు మొత్తాన్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ప్రతిరూపంగా తీస్తుంది. ముందు బాగున్న చోట్లన్నీ చదివేసి, మొండికేసిన సెక్టార్లను ఒక పట్టీలో రాసుకుని, వాటి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళుతుంది. ఆ పట్టీ ఉంటే రేపు ఇంకో డ్రైవులో పెట్టి, మిగిలిన సెక్టార్ల కోసం మాత్రమే ప్రయత్నించవచ్చు. ఒక డ్రైవు చదవలేనిది ఇంకో డ్రైవు చదివిన సందర్భాలు నాకు పదుల్లో ఉన్నాయి. డిస్కును చదివే డ్రైవు తల ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉన్నా, ఆ డ్రైవులో రాసిన డిస్కు ఇంకో డ్రైవుకు అంత సులువుగా లొంగదు.

మన ఊళ్ల ఉక్కలో ఫ్లాపీకి పెద్ద శత్రువు బూజు. లోహపు రేకును పక్కకు జరిపి, వెనకనున్న చక్రాన్ని వేలితో తిప్పుతూ పళ్లెం (లోపలి పలచని డిస్కు) మీద వెలుతురు పడనిచ్చి చూడాలి. తెల్లగా పొడలు కనిపిస్తే అది బూజే. ఐసోప్రొపిల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లను పళ్లానికి ఆనీ ఆనకుండా పట్టి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ రెండు వైపులా తుడుస్తాను. పూర్తిగా ఆరాకే డ్రైవులోకి. మొదట్లో ఈ సంగతి తెలియక బూజు పట్టిన డిస్కును అలాగే పెట్టాను. ఆ మురికి డ్రైవు తలకు అంటుకుంది. దాని తర్వాత పెట్టిన మూడు మంచి డిస్కుల మీద గీతలు పడ్డాయి. వాటిలో ఒకటి ఒక కవి తొలి సంపుటి. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

యూఎస్‌బీ డ్రైవు చేతులెత్తేసిన చోట 2021 నుంచి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు వాడుతున్నాను. దీన్ని తయారుచేసిన కీర్ ఫ్రేజర్ సాఫ్ట్‌వేరును అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. పాత కంప్యూటర్లోంచి ఊడదీసిన ఫ్లాపీ డ్రైవును 34 పిన్నుల పట్టీ తీగతో దీనికి తగిలించాలి. డ్రైవుకు కరెంటు వేరుగా ఇవ్వాలి. ఈ బోర్డు సెక్టార్లు, ఫైళ్లు అనే లెక్కలు పెట్టుకోదు. పళ్లెం మీద అయస్కాంతపు దిశ ఎక్కడెక్కడ మారిందో, ఆ మార్పుల మధ్య ఎంత వ్యవధి ఉందో కొలిచి కంప్యూటరుకు ఇస్తుంది. దానికి అర్థం చెప్పే పని సాఫ్ట్‌వేరుది. అందుకే మామూలు పీసీ డ్రైవుతోనే మ్యాక్ 800 కేబీ డిస్కులు కూడా చదవగలిగాను. అయిదుంపావు అంగుళాల 32 డిస్కుల్లో 26 దీంతోనే బయటపడ్డాయి. కమాండ్లు టైపు చేసి నడపాలి, తీగ తిరగేసి పెడితే పనిచేయదు, నేర్చుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. అయినా ఈ ఆరేళ్లలో పెట్టిన ఖర్చులో దేనికైనా పూర్తి విలువ దక్కిందంటే ఈ బోర్డుకే.

ఇక ఫైళ్లు. ఇంగ్లిషు ఫైళ్లతో పెద్ద చిక్కు లేదు. వర్డ్‌స్టార్ అనే పాత రాత ప్రోగ్రాము ఫైలును మామూలు ఎడిటరులో తెరిస్తే చాలా మాటల చివరి అక్షరం పిచ్చిగా కనబడుతుంది. ఆ అక్షరపు ఎనిమిదో బిట్టును వర్డ్‌స్టార్ తన గుర్తు కోసం వాడుకునేది. దాన్ని తీసేస్తే పాఠం శుభ్రంగా వస్తుంది. చందాదారుల జాబితాలున్న డీబేస్ ఫైళ్లు, లోటస్ పద్దులు లిబ్రే ఆఫీస్ అనే ఉచిత ప్రోగ్రాములో నేరుగా తెరుచుకున్నాయి.

మా వృత్తిలో అసలు ఫైలు పేజీమేకర్‌ది. పేజీలు కూర్చడానికి ఆల్డస్ సంస్థ 1985లో తెచ్చిన ఆ ప్రోగ్రాము తర్వాత అడోబీ చేతికి వెళ్లి, 2001లో వచ్చిన 7.0తో ఆగిపోయింది. అడోబీ వారి తర్వాతి ప్రోగ్రాము ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ దాకా పేజీమేకర్ 6 నుంచి 7 వరకు ఫైళ్లు తెరుచుకునేవి. తర్వాతి వాటిలో ఆ దారి మూసేశారు. లిబ్రే ఆఫీస్ 4.4 నుంచి పేజీమేకర్ ఫైలును డ్రా అనే తన బొమ్మల విభాగంలో తెరుస్తుంది. పేజీలో ఏముందో చూడటానికి ఇది చాలు. మొత్తం పాఠం వరసగా కావాలంటే మాత్రం నాకు పేజీమేకరే కావలసి వచ్చింది. పాత కంప్యూటరును అనుకరించే 86బాక్స్ అనే ఎమ్యులేటరులో విండోస్ 98 పెట్టి, నా పాత సీడీలోని పేజీమేకర్ 6.5 ఎక్కించి, ఫైలు తెరిచి పాఠాన్ని ఎగుమతి చేస్తున్నాను. ఆ కాలపు తెలుగు సాఫ్ట్‌వేర్లలో కొన్నింటికి ప్రింటర్ పోర్టుకు తగిలించే లాకు ఉండేది. ఆ లాకు పోతే డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరు కూడా తెరుచుకోదు. నా దగ్గర ఒక లాకు అలా పాడైంది. దాంతో చేసిన పుస్తకాలను ఫాంట్ల సాయంతోనే నెట్టుకొస్తున్నాను.

ఇక్కడి నుంచి మన భాషకే ప్రత్యేకమైన కష్టం మొదలవుతుంది. ప్రపంచ లిపులకు ఉమ్మడి సంకేతాలైన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా మా డీటీపీ బల్లల దగ్గరికి అది రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా మేం వాడిన అను, శ్రీలిపి వంటి తెలుగు సాఫ్ట్‌వేర్లు అక్షరాన్ని అక్షరంగా దాచవు. ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు అక్షరాల ముక్కలను బొమ్మలుగా పెట్టుకుంటాయి. తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఇంకో గదిలో, ఒత్తులు మరో చోట. ఫాంటు ఉంటే తెలుగు. లేకపోతే గణితపు గుర్తులు, యూరపు భాషల అక్షరాలు కలగలిసిన ముద్ద. ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి జిస్ట్ అనే సాధనంతో చేసిన కొద్ది ఫైళ్లు మాత్రం భారతీయ లిపుల ప్రమాణమైన ఇస్కీ సంకేతాల్లో ఉన్నాయి. వాటిలో కకారం కకారంగానే ఉంటుంది. విండోస్‌లో తెలుగు ఇస్కీకి 57005 అని కోడ్‌పేజీ (సంకేత పట్టిక) సంఖ్య కూడా ఉంది. ఆ ఫైళ్లు నిమిషాల్లో యూనికోడ్‌లోకి మారిపోయాయి. అన్నీ అలా ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

అను పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే మార్పిడి ప్రోగ్రాములు నాలుగయిదు వాడి చూశాను. అన్నీ పనికొచ్చాయి, ఏదీ ఒంటరిగా సరిపోలేదు. మాస్టారి పుస్తకంలో 'కైలాసం' అన్న మాట మొదటిసారి 'కెలాసం'గా వచ్చింది. ఐత్వానికి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. ఫాంటులో ఆ రెండూ వేర్వేరు గదుల్లో ఉంటాయి. పై ముక్క కలిసింది, కింది ముక్క జారిపోయింది. 'శ్రీకృష్ణుడు' అన్నచోట ణ ఒత్తు పక్క అక్షరానికి వెళ్లి అతుక్కుంది.

ఇంకొక చిక్కు కనుక్కోవడానికి నాకు నెల పట్టింది. ఒకే పాఠం విండోస్ నుంచి తీసినప్పుడు బాగా మారుతోంది, మ్యాక్ నుంచి తీసినప్పుడు పాడవుతోంది. కారణం బైటు విలువలో కాదు, దాన్ని చూసే తీరులో ఉంది. 176 అనే బైటును విండోస్ డిగ్రీ గుర్తుగా చూస్తుంది. పాత మ్యాక్ దాన్నే అనంతం గుర్తుగా చూస్తుంది. మార్పిడి పట్టిక ఒకదాన్ని ఆశిస్తే ఇంకోటి ఎదురవుతుంది. పాఠాన్ని ముందు సరైన సంకేతంలో చదివించి ఆ తర్వాతే మార్పిడికి ఇవ్వాలి. మ్యాక్ ఫాంట్ల విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. పాత మ్యాక్ ఫైలులో రెండు పాయలుంటాయి. ఫాంటు అంతా రెండో పాయలోనే ఉంటుంది. దాన్ని విండోస్ డిస్కులోకి మామూలుగా కాపీ చేస్తే సున్నా బైట్ల ఫైలు మిగులుతుంది. హెచ్ఎఫ్ఎస్ యుటిల్స్ అనే ప్రోగ్రాముతో మ్యాక్‌బైనరీ అనే రూపంలో కాపీ చేస్తే రెండు పాయలూ కలిసి వస్తాయి. పాఠం ఫైలు దొరికినప్పుడు ఆ ఫాంటు కూడా దాని పక్కనే దాచండి. ఫాంటు పోతే ఆ పుస్తకానికి తాళంచెవి పోయినట్టే.

ఇప్పటి లెక్క ఇది. 412లో 341 పూర్తిగా చదివాను. 40 కొంతమేర వచ్చాయి. 31 ఇంకా లొంగలేదు.

మాస్టారి పుస్తకం మొదటి ఫ్లాపీలోనే మొత్తంగా దొరికింది. మార్చి, రెండుసార్లు దిద్ది, కాగితం మీద తీసి వాళ్ల అమ్మాయికి పంపాను. వారం తర్వాత ఆవిడ ఫోను చేశారు. చెదలు వదిలిన పేజీల్లో విషయసూచిక ఉందట. అందులో 64 పాటలున్నాయి, నేను పంపినవి 61. అప్పుడు అర్థమైంది, నాకు దొరికింది రెండో ప్రూఫు. చివరి మూడు పాటలు మాస్టారు తర్వాత తెచ్చి ఇచ్చారు. బొమ్మలు కూడా చేరి ఆఖరి ఫైలు ఒక ఫ్లాపీలో పట్టకపోతే, ఏఆర్‌జే అనే ప్రోగ్రాముతో కుదించి మూడు డిస్కుల్లో విడగొట్టాను. వాటిలో మొదటిదీ మూడోదీ చదివాను. రెండోది ఆ 31లో ఉంది. ట్రాకు 52 దాకా వచ్చి ఆగిపోతోంది. గుంటూరులో ఒక పాత మిత్రుడి దగ్గర 1996 నాటి డ్రైవు ఉందని తెలిసింది. ఆదివారం వెళ్లి తెచ్చుకుంటాను.