ఒకే పొయ్యా, రెండా? ఏనుగొండలో కాపురాల లెక్క

మహబూబ్‌నగర్ అంచున ఏనుగొండ వైపు ప్లాటు కొని ఇల్లు మొదలుపెడితే, మేస్త్రీ ముగ్గు పోయకముందే అడుగుతాడు: “మెట్లు లోపలి నుంచా, బయటి నుంచా?” అత్తాకోడళ్ల భవిష్యత్తు సగం అక్కడే తేలిపోతుంది.

జనగణనలో ఒకే వంటగదిలో తినేవాళ్లను ఒక కుటుంబంగా రాసుకుంటారు. మన దగ్గరా “వేరుపడ్డారు” అంటే పొయ్యి వేరైందనే అర్థం. ఆ లెక్కన మా వీధిలో మూడు రకాల కాపురాలున్నాయి.

ఉమ్మడి కాపురంలో పిల్లలకు జ్వరమొస్తే సెలవు పెట్టే పని లేదు. ఇంటికి తాళం వేసిన గుర్తే ఉండదు. చిక్కు కరెంటు మీటరు దగ్గర వస్తుంది. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా, దాటితే మొత్తం కట్టాలి. రెండు ఫ్రిజ్‌లు, ఎనిమిది మంది, ఒకే మీటరు ఉన్న ఇల్లు వేసవిలో దాటకుండా ఉంటుందా? రేషన్ బియ్యానికి ఈ బాధ లేదు. మనిషికి 6 కిలోలు, కలిసున్నా విడిపోయినా అంతే.

విడి కాపురంలో మాట పడాల్సిన పని లేదు, నిజమే. కానీ భర్త పొద్దున రైల్లో వంద కిలోమీటర్ల దూరం హైదరాబాద్ వెళ్లి, భార్య బడిలో పాఠాలు చెబుతుంటే, నాలుగింటికి వచ్చే పిల్లవాడికి తాళంచెవి పక్కింటివాళ్లే ఇవ్వాలి. ఆ పక్కింటివాళ్లం మేమే కాబట్టి చెబుతున్నాను.

ముంబై, పుణె వలస వెళ్లినవాళ్ల పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరిగే ఇళ్లూ పాలమూరులో తక్కువేం కాదు. అది ఎవరూ ఏరికోరి ఎంచుకున్నది కాదు కనుక ఈ తూకంలోకి తేను.

నా ఓటు మూడో రకానికే: కింద అత్తమామలు, పైన మేము, పొయ్యిలు రెండు, మెట్లు బయటి నుంచి. లోపలి మెట్లయితే వచ్చిపోయే ప్రతి చుట్టం ముందుగదికి లెక్క చెప్పుకోవాలి. రెండో సిలిండర్ వచ్చిన రోజు నుంచి అత్తమ్మ వారం పాటు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు సాయంత్రం జొన్నరొట్టెలు చేస్తే, మోకాళ్ల నొప్పులతో పైకి ఎక్కలేక, గిన్నె మూడో మెట్టు మీద పెట్టి గరిటెతో రెయిలింగ్ మీద రెండుసార్లు కొడుతుంది. ఒకే వంటగదిలో ఉన్న మూడేళ్లలో నాకోసం విడిగా ఒక రొట్టె చేసింది లేదు. గిన్నె నేనూ ఖాళీగా దించను, పప్పో పచ్చడో ఉంటుంది.

ఒక్క బోరు మోటారు సంగతే తేలలేదు. ట్యాంకు మా కప్పు మీద, మోటారు వాళ్ల మీటరు మీద. 200 దగ్గరపడే నెలాఖరులో మామయ్య స్విచ్ దగ్గరే కుర్చీ వేసుకుంటాడు.