డెబిట్ కార్డు క్యాష్‌బ్యాక్, యూపీఐ, క్రెడిట్ కార్డు: మన ఇంటి ఖర్చుకి ఏది మేలు?

పోయిన దసరాకి మిక్సీ కొందామని ఒక ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్ళాను. ధర 6,000. నా డెబిట్ కార్డు మీద 1 శాతం క్యాష్‌బ్యాక్ ఉందని గుర్తొచ్చి కార్డు తీశాను. కౌంటర్లో అబ్బాయి, "కార్డయితే 2 శాతం ఎక్స్‌ట్రా పడుతుంది మేడం, స్కాన్ చేసేయండి" అన్నాడు. 60 రూపాయలు వస్తాయని 120 ఎందుకివ్వాలి? స్కాన్ చేసి వచ్చేశాను. డెబిట్ కార్డు ఛార్జీని కొనేవాళ్ళ మీద వేయనివ్వకూడదని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పిందని తర్వాత తెలిసింది. తెలిసుంటే అక్కడే అడిగేదాన్ని.

అప్పటి నుంచి ఈ క్యాష్‌బ్యాక్ లెక్క తేల్చుకోవాలనిపించింది. ముందుగా చూడాల్సింది, ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందన్నది.

మనం కార్డు గీకినప్పుడు షాపువాళ్ళకి పూర్తి మొత్తం అందదు. అందులోంచి ఎండీఆర్ అనే ఛార్జీ కోసుకుంటారు. ఆ కోతలో ఒక వాటా మనకు కార్డిచ్చిన బ్యాంకుకి వెళ్తుంది. మనకొచ్చే క్యాష్‌బ్యాక్ ముఖ్యంగా అందులోంచి తీసిన ముక్కే. డెబిట్ కార్డుల మీద ఈ కోతకి ఇప్పుడున్న హద్దు 2018 జనవరి నుంచి అమల్లో ఉంది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే షాపుకి 0.40 శాతం, అంతకంటే పెద్దవాటికి 0.90 శాతం దాటకూడదు. క్రెడిట్ కార్డుకి అలాంటి హద్దు లేదు, 2 శాతం దాకా పోవడం మామూలే. యూపీఐకి, మన దేశపు కార్డు నెట్‌వర్క్ అయిన రూపే డెబిట్ కార్డుకి 2020 జనవరి 1 నుంచి కోత సున్నా.

ఇది తెలిస్తే మిగతాది చాలావరకు అర్థమవుతుంది. క్రెడిట్ కార్డు 5 శాతం ఆశ చూపగలదు, డెబిట్ కార్డు 1 శాతం దగ్గరే ఆయాసపడుతుంది, యూపీఐ యాప్‌లో స్క్రాచ్ కార్డు గీకితే ఏదో కంపెనీ కూపన్ వస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకీ ఇదే అనుభవం. అక్కడ 2011 అక్టోబరులో పెద్ద బ్యాంకుల డెబిట్ కార్డు ఛార్జీకి హద్దు పెట్టాక, చాలా బ్యాంకులు డెబిట్ రివార్డులు ఎత్తేశాయి.

ఇక మా ఇంటి లెక్క. అద్దె కాక నెలకు సుమారు 25,000 ఖర్చు. అందులో సూపర్‌మార్కెట్ సరుకులు 8,000, ఆన్‌లైన్‌లో కొనేవి 5,000. మిగతా 12,000 పెట్రోలు, కరెంటు, గ్యాస్, పాలు, కూరగాయలు. పెట్రోలు, బిల్లులు, వాలెట్‌లో డబ్బు వేయడం లాంటివి చాలా కార్డులు క్యాష్‌బ్యాక్‌కి లెక్కలోకి తీసుకోవు. పాలవాడి దగ్గర, రైతుబజారులో కార్డు మాటే లేదు. అంటే క్యాష్‌బ్యాక్ వచ్చే ఖర్చు 13,000 మాత్రమే. 25,000 మీద లెక్కేసుకుని సంబరపడితే మోసపోతాం.

1 శాతం ఇచ్చే డెబిట్ కార్డయితే నెలకు 130, ఏడాదికి 1,560. అలాంటి కార్డుకి ఏడాది ఫీజు 500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 590 అనుకుంటే మిగిలేది 970. మామూలు డెబిట్ కార్డు పాయింట్లు ఇంకా తక్కువ. 200 ఖర్చుకి 2 పాయింట్లు, పాయింటు విలువ 25 పైసలు అనుకోండి. ఏడాదంతా గీకితే 390 వస్తుంది. నా మామూలు ఖాతాలో కార్డు ఫీజు కింద ఏటా 236 కోస్తున్నారు. మిగిలిందేమిటో మీరే చూడండి.

ఏడాది ఫీజు లేని, ఆన్‌లైన్‌కి 5 శాతం, బయట 1 శాతం ఇచ్చే క్రెడిట్ కార్డుతో అదే ఖర్చుకి నెలకు 330, ఏడాదికి 3,960 వస్తుంది. డబ్బు నెల రోజులు ఎక్కువగా మన ఖాతాలోనే ఉంటుంది కూడా. కానీ సేవింగ్స్ వడ్డీ 2.5 శాతం లెక్కన 13,000కి నెలకు 27 రూపాయలే, దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

అంకెలు చూస్తే క్రెడిట్ కార్డుదే గెలుపు. అయినా అందరికీ అదే తీసుకోమని చెప్పలేను. గడువు లోపల పూర్తి బిల్లు కట్టేవాళ్ళకే ఆ 3,960. ఒక్క నెల 20,000 బాకీ ఉంచి మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసంగా అడిగే మొత్తం, మాత్రమే కట్టారనుకోండి. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 700, జీఎస్టీతో 826. రెండున్నర నెలల క్యాష్‌బ్యాక్ అక్కడే పోయింది. పైగా బాకీ ఉంచితే కొత్తగా కొన్నవాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మొదటి ఉద్యోగంలో చేరిన మా తమ్ముడికి అందుకే మొదటి ఏడాది డెబిట్ కార్డూ యూపీఐతోనే గడపమన్నాను. ఖాతాలో ఉన్నంతే ఖర్చవుతుంది, టెన్షన్ ఉండదు.

భద్రత దగ్గర మాత్రం డెబిట్ కార్డు వెనకబడుతుంది. ఎవరైనా దాన్ని వాడేస్తే పోయేది మన జీతం డబ్బు. మన తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్ళ వల్ల మోసం జరిగితే, బ్యాంకు సమాచారం వచ్చిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవాళ్ళకి నష్టం ఉండకూడదని 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. డబ్బు తిరిగొచ్చేదాకా అద్దె, ఫీజులు ఎలా కట్టాలన్నదే అసలు బాధ. క్రెడిట్ కార్డులో అయితే గొడవ తేలేదాకా మన ఖాతా డబ్బు కదలదు. డెబిట్ కార్డునే వాడేవాళ్ళు యాప్‌లో ఆన్‌లైన్ లిమిట్ తగ్గించి పెట్టుకోండి, విదేశీ లావాదేవీలు ఆపేయండి.

"మీ రివార్డు పాయింట్లు ఈ రాత్రికి ఎక్స్‌పైర్ అవుతాయి, ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేసుకోండి" అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళని ముట్టుకోవద్దు. పాయింట్ల ఆశ పెట్టి ఖాతా ఖాళీ చేసే దొంగలు వాళ్ళు. ఒకవేళ జరిగిపోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

డెబిట్ కార్డు నిజంగా లాభమిచ్చేది పండగ సేల్స్‌లో. ఫలానా బ్యాంకు కార్డుకి 10 శాతం తక్షణ తగ్గింపు అంటే అది బిల్లులోనే తగ్గుతుంది. క్యాష్‌బ్యాక్ అయితే రెండు మూడు నెలల తర్వాత, అదీ మనం గుర్తుపెట్టుకుని చూసుకుంటేనే. రెండూ ఒకే మొత్తమైతే తక్షణ తగ్గింపే తీసుకోండి. అయితే అది డెబిట్ కార్డుకీ ఉందో, క్రెడిట్ కార్డుకేనో షరతుల్లో చదవండి.

మా అమ్మ విషయంలో ఈ లెక్కలేవీ పనికిరావు. ఆమెది జన్‌ధన్ ఖాతా, రూపే కార్డు, క్యాష్‌బ్యాక్ ఏమీ లేదు. కానీ ఆ కార్డుకి ప్రమాద బీమా ఉంది. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకి 2 లక్షలు, అంతకుముందువాటికి లక్ష. ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డుతో కనీసం ఒక లావాదేవీ జరిగి ఉండాలి. చాలామంది పెద్దవాళ్ళు కార్డుని బీరువాలో దాచి, వేలిముద్రతోనో పాస్‌బుక్కుతోనో డబ్బు తీసుకుంటుంటారు. నేను ఊరెళ్ళిన ప్రతిసారీ అమ్మ కార్డు తీసుకెళ్ళి ఏటీఎంలో 500 తీయించి, ఆ తేదీని గోడ మీది క్యాలెండర్‌లో రాసిపెడుతున్నాను.