గ్యాస్ డ్రైయర్ రిపేరు: వేడి వచ్చింది కదా అని బిల్లు కట్టేయకండి

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకి, ముఖ్యంగా టౌన్‌హౌసుల్లో గ్యాస్ డ్రైయర్ (గ్యాస్ మంటతో బట్టలు ఆరబెట్టే మిషన్) వాడేవాళ్లకి ఈ హెచ్చరిక. మా ఇంటికి వచ్చిన రిపేరు మనిషి డ్రైయర్‌లో కాలిపోయిన థర్మల్ ఫ్యూజ్‌ని అలాగే వదిలేసి, దాని రెండు వైర్లనీ చిన్న తీగముక్కతో కలిపేసి, "బర్నర్ అసెంబ్లీ (మంట వెలిగే భాగం మొత్తం) మార్చాను" అని నాలుగు వందల పైచిలుకు డాలర్లు తీసుకుని వెళ్లాడు. డ్రైయర్ వేడెక్కింది, బట్టలు ఆరాయి. మిషన్ మితిమీరి వేడెక్కితే ఆపాల్సిన ఫ్యూజ్ మాత్రం పని చేయడం లేదు.

కంపెనీ పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. ఆన్‌లైన్‌లో వెతికితే పైన యాడ్‌గా కనిపించే రకం. ఫోన్ ఎత్తేది కాల్ సెంటర్, వచ్చేది ఎవరో కాంట్రాక్టు మనిషి.

మా డ్రైయర్ పై అంతస్తులో ఉంటుంది. ఒకరోజు డ్రమ్ము తిరుగుతోంది కానీ బట్టలు చల్లగా, తడిగానే ఉన్నాయి. వచ్చినతను కింది ప్యానెల్ తీసి చూసి, అయిదు నిమిషాల్లో తేల్చేశాడు. కరెంటు చూసే మల్టీమీటర్ బయటికి తీయనే లేదు. వేడి గాలిని ఇంటి బయటికి పంపే వెంట్ పైపు ఎక్కడికి వెళ్తుందని అడగలేదు. పాత పార్టు చూపించమంటే "అది మేం రీసైక్లింగ్‌కి తీసుకెళ్లాలి" అన్నాడు. బిల్లు మీద పార్టు నంబరు లేదు.

తర్వాత కొన్ని వారాలు అంతా బాగానే నడిచింది. అప్పుడు మా దగ్గరికి వచ్చి ఉన్న అత్తగారే మొదట పట్టుకున్నారు. "తువ్వాళ్లు మాడు వాసనొస్తున్నాయమ్మా, ఇస్త్రీ కాల్చినట్టు" అన్నారు. డ్రైయర్ పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. వెంటనే ఆపేసి, గ్యాస్ వాల్వు కట్టేసి, పక్కింటివాళ్లు ఎప్పట్నుంచో పిలిచే ఇంకో టెక్నీషియన్‌ని పిలిచాం. ఆయన మిషన్ విప్పి ఆ తీగముక్క చూపించాడు. మంట అంటించే ఇగ్నైటర్ పాతదే, గ్యాస్ వాల్వు తెరిచే కాయిల్స్ పాతవే, అసలు బర్నర్ దగ్గర ఏ స్క్రూనీ ఎవరూ ముట్టుకున్న గుర్తే లేదు. మన ఊళ్లలో ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తోందని లావుపాటి రాగితీగ చుట్టేస్తారు చూడండి, అదే పని ఇక్కడ గ్యాస్ మంట పక్కన చేశాడు.

ఫ్యూజ్ ఎందుకు పోయిందంటే, వెంట్ మూసుకుపోయి. పై అంతస్తు నుంచి రూఫ్ మీదికి పోయే పైపు చివర మూతకి ఎవరో జాలీ బిగించారు, పక్షులు రాకుండా కాబోలు. దాని నిండా బట్టల పీచు గట్టిపడిపోయింది. డ్రైయర్ వెంట్‌కి జాలీ పెట్టకూడదని ఇక్కడి బిల్డింగ్ కోడ్‌లోనే ఉంది, సరిగ్గా ఈ కారణానికే. వేడి గాలి బయటికి పోయే దారి లేక లోపలే తిరిగి, ఫ్యూజ్ తన పని తాను చేసి కాలిపోయింది. చాలా మోడళ్లలో ఇది బ్లోయర్ దగ్గర ఉండే చిన్న పార్టు, కొన్నిటిలో 196 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర తెగిపోతుంది, మళ్లీ అతుక్కోదు. కొత్తది కొనాలంటే మామూలుగా పది, ఇరవై డాలర్లు. అంటే మాకు నిజంగా కావాల్సింది ఒక చవక ఫ్యూజు, వెంట్ క్లీనింగు. అంతే.

మీకు ఎవరైనా కథ చెప్తే నమ్మాలా వద్దా తెలియడానికి ఈ మిషన్ ఎలా వెలుగుతుందో కాస్త తెలిస్తే చాలు. గ్యాస్ డ్రైయర్‌లో వేడి కోసం స్విచ్ నొక్కితే ముందు మోటారు తిరుగుతుంది. తర్వాత బర్నర్ దగ్గర ఇగ్నైటర్ నారింజ రంగులో మెరుస్తుంది, ఒక నిమిషం లోపే. ఆ వేడి తగిలి పక్కనున్న ఫ్లేమ్ సెన్సర్ తెరుచుకోగానే 'టిక్' మని శబ్దం, కాయిల్స్ గ్యాస్ వాల్వు తెరుస్తాయి, నీలి మంట భగ్గుమంటుంది. చాలా మోడళ్లలో కింది ప్యానెల్ తీసి, లేదా అక్కడుండే చిన్న రంధ్రంలోంచి ఇదంతా చూడొచ్చు. చెయ్యి పెట్టకుండా చూడటం వరకే.

ఇగ్నైటర్ అసలు మెరవకపోతే ఇగ్నైటర్ పగిలిందా, ఫ్యూజ్ పోయిందా, సెన్సర్ పోయిందా అన్నది మీటర్ పెట్టి తేల్చాలి, కళ్లతో తేలదు. ఇగ్నైటర్ మెరిసి, ఆరి, మళ్లీ మెరుస్తూ మంట మాత్రం రాకపోతే ఎక్కువసార్లు దోషం కాయిల్స్‌దే. మొదటి పది నిమిషాలు బాగా వేడెక్కి తర్వాత చల్లబడిపోతుంటే కూడా ఎక్కువగా కాయిల్సే, వేడికి అవి బలహీనపడతాయి. కాయిల్స్ సెట్టు చవకే, మొత్తం వాల్వు మార్చాలంటే ఎందుకో అడగండి. ఇగ్నైటర్ ఆరకుండా అదే పనిగా మెరుస్తూ గ్యాస్ రాకపోతే ఫ్లేమ్ సెన్సర్‌ని అనుమానించాలి. ఇలాంటి చోట్ల "కంట్రోల్ బోర్డు పోయింది" అని మొదటి మాటగా అన్నాడంటే నేనైతే తలుపు చూపిస్తా.

ఇంకో తేడా: బట్టలు చల్లగా తడిగా ఉంటే మంట వెలగని సమస్య (మాకైనట్టు వెంట్ మూసుకుపోయి ఫ్యూజ్ పోవడం వల్ల కూడా కావచ్చు). వేడిగా ఉండి కూడా తడి వదలకపోతే, ఒక లోడుకి రెండు సార్లు తిప్పాల్సి వస్తుంటే, దాదాపు ఎప్పుడూ వెంట్ సమస్య. డ్రైయర్ నడుస్తుండగా బయటికి వెళ్లి వెంట్ మూత దగ్గర చూడండి, గాలి గట్టిగా తన్ని రెక్క తెరుచుకోవాలి. రూఫ్ మీద ఉంటే మీరెక్కొద్దు, వెంట్ క్లీనింగ్ వాళ్లని పిలవండి. వెనక పైపు మెరిసే రేకు కాగితం లాంటిదో, తెల్ల ప్లాస్టిక్‌దో అయితే తీసేయించి నాలుగంగుళాల గట్టి మెటల్ పైపు వేయించండి. పైపు పొడవు కూడా లెక్కే: కోడ్ ప్రకారం మామూలుగా 35 అడుగులు దాటకూడదు, ప్రతి 90 డిగ్రీల మలుపుకీ అందులోంచి అయిదడుగులు తీసేయాలి. మన టౌన్‌హౌసుల్లో బిల్డర్లు ఈ లెక్క ఎంత పట్టించుకున్నారో రూఫ్ దాకా పోయే పైపు చూస్తే తెలుస్తుంది.

యూట్యూబ్‌లో ఒక చిట్కా తిరుగుతోంది, వెంట్ పైపు ఊడదీసి డ్రైయర్ నడిపి చూడమని. అది కరెంటు డ్రైయర్‌ల సంగతి. గ్యాస్ డ్రైయర్‌ని అలా నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. ఈ గ్యాస్‌కి రంగూ వాసనా ఉండవు. లాండ్రీ ఉన్న అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

రిపేరుకి డ్రైయర్‌ని ముందుకు లాగి మళ్లీ నెడతారు, అప్పుడు వెనక గ్యాస్ గొట్టం నలుగుతుంది. మా మొదటి మనిషి అది కూడా చూడకుండానే వెళ్లాడు. సిలిండరు మార్చినప్పుడు రెగ్యులేటర్ దగ్గర సబ్బునీళ్లు రాసి చూడటం మనందరికీ అలవాటే కదా, ఇక్కడా జాయింట్ల దగ్గర అదే చేయమనండి. బుడగలు వస్తే వాల్వు హ్యాండిల్‌ని పైపుకి అడ్డంగా తిప్పితే గ్యాస్ ఆగుతుంది. వాసన గట్టిగా వస్తుంటే మాత్రం స్విచ్‌లు ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్లి, అక్కడి నుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి.

డబ్బుల సంగతి. ఫోన్ చేస్తే మొదటి రిపేరు కంపెనీవాళ్లు "వేరేవాళ్లు చెయ్యి పెట్టారు కాబట్టి వారంటీ పోయింది" అన్నారు. రెండో టెక్నీషియన్ దగ్గర తీగముక్క ఫొటో, అతను బిల్లు మీద రాసిన రెండు వాక్యాలు ఉన్నాయి. వాటితో క్రెడిట్ కార్డువాళ్ల దగ్గర డిస్ప్యూట్ పెట్టాను, న్యూజెర్సీ డివిజన్ ఆఫ్ కన్స్యూమర్ అఫైర్స్‌కి ఫిర్యాదు పంపాను. కార్డువాళ్లు తాత్కాలికంగా డబ్బు వెనక్కి వేశారు, మిగతాది చూడాలి. మీరు ఎవరిని పిలిచినా కార్డుతోనే కట్టండి, జెల్ (Zelle, బ్యాంకు నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి)కీ క్యాష్‌కీ ఒప్పుకోవద్దు. మార్చే పాత పార్టు నాకే ఇచ్చి వెళ్లాలని పని మొదలుపెట్టకముందే చెప్పండి. పార్టు నంబరు బిల్లు మీద ఉండాలి. ఫ్యూజ్ పోయిందంటే, ఎందుకు పోయిందో చెప్పకుండా కొత్తది పెట్టేవాడికి కూడా డబ్బులివ్వొద్దు, వెంట్ బాగుచేయకపోతే అది మళ్లీ పోతుంది.

గత ఏడాదిలో "వేడి రావడం లేదు" అని ఎవరినైనా పిలిచి, పాత పార్టు చూడకుండా బిల్లు కట్టినవాళ్లుంటే ఒకసారి తెలిసిన టెక్నీషియన్‌తో ఆ ఫ్యూజ్ దగ్గర చూపించుకోండి. అప్పటిదాకా డ్రైయర్ వేసి నిద్రపోవద్దు, బయటికీ వెళ్లొద్దు.