మాస్క్ ఉన్నవి చూపిస్తుంది సరే, లేనివాటి సంగతేంటి?

మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డైనమిక్ డేటా మాస్కింగ్ 2016 వెర్షన్ నుంచీ ఉంది. పర్మిషన్ లేనివాళ్లు చూస్తే ఫోన్ నంబర్ లాంటి వివరాలు అసలైనవి కనిపించకుండా కాలమ్‌కి ముసుగు (మాస్క్) వేస్తుంది, లోపల డేటా మాత్రం మారదు. నేను చెప్పేది దాని పక్కన ఉండే సిస్ డాట్ మాస్క్‌డ్ కాలమ్స్ అనే చిన్న వ్యూ గురించి, అంటే డేటాబేస్‌లో మాస్క్ ఉన్న కాలమ్స్ జాబితాని టేబుల్‌లా చూపించేది. నాలుగేళ్లుగా వాడుతున్నాను. అంతకుముందు ఏ కాలమ్‌కి మాస్క్ పెట్టామన్న లెక్క మా దగ్గర ఒక ఎక్సెల్ షీట్‌లో ఉండేది, దాన్ని చూసుకునే అబ్బాయేమో ఉద్యోగం మారిపోయాడు, ఇక ఆడిట్ వాళ్లు అడిగిన ప్రతిసారీ టెన్షనే. ఈ వ్యూని సిస్ డాట్ టేబుల్స్‌తో (టేబుల్స్ జాబితా) ఆబ్జెక్ట్ ఐడీ మీద జాయిన్ చేస్తే టేబుల్ పేరు, కాలమ్ పేరు, పెట్టిన ఫంక్షన్ (ఏ రకం మాస్క్ అన్నది) అన్నీ వచ్చేస్తాయి. ఫోన్ నంబర్‌కి పార్షియల్ పెట్టి చివరి 4 అంకెలు వదిలామా, ఎవరైనా డిఫాల్ట్ పెట్టి మొత్తం మూసేశారా అన్నది కూడా అక్కడే కనిపిస్తుంది. మాకు 37 వరుసలొచ్చాయి, ప్రాణం లేచొచ్చింది.

పోయినేడు ఒకరోజు సపోర్ట్ టీమ్ కుర్రాడొచ్చి "అన్నా, ఈ టేబుల్‌లో నంబర్లు పూర్తిగా కనిపిస్తున్నాయి, పర్లేదా?" అన్నాడు. చూస్తే దాని పేరు కస్టమర్స్ అండర్‌స్కోర్ బీకేపీ, అంటే కస్టమర్స్ టేబుల్‌కి బ్యాకప్ కాపీ. రిలీజ్‌కి ముందు ఎవరో అడ్మిన్ లాగిన్‌తో సెలెక్ట్ ఇంటూ (ఉన్న డేటాతో కొత్త టేబుల్ చేసే కమాండ్) కొట్టి కాపీ తీసి, పని అయ్యాక మర్చిపోయారు. సెలెక్ట్ ఇంటూతో డేటా వెళ్తుంది కానీ మాస్క్ వెంట వెళ్లదు. సపోర్ట్ వాళ్లకి ఉన్నది డేటాబేస్‌లో అన్ని టేబుల్సూ చదవనిచ్చే డీబీ డేటా రీడర్ రోల్, అంటే కొత్తగా పుట్టిన టేబుల్ కూడా అడగకుండానే వాళ్లకి కనిపిస్తుంది. నేనేమో ఆ వారమే ఆ 37 వరుసలు చూపించి ఆడిట్ వాళ్లకి "అంతా ఓకే" అని మెయిల్ పెట్టి ఉన్నాను. వ్యూ తప్పు చెప్పలేదు పాపం, మాస్క్ ఉన్నవాటినే చూపించడం దాని పని, ఆ జాబితాలో లేనిదేంటని నేనే చూసుకోలేదు.

అప్పట్నుంచీ రెండో క్వెరీ కూడా నడుపుతున్నాను: మాస్క్ ఉన్నా లేకున్నా కాలమ్స్ అన్నీ ఉండే సిస్ డాట్ కాలమ్స్‌లో ఫోన్, మొబైల్, ఈమెయిల్, పాన్ లాంటి పేర్లుండి ఈజ్ మాస్క్‌డ్ సున్నా ఉన్నవి, అంటే మాస్క్ లేనివి. దీంతోనూ అన్నీ దొరకవు. రిమార్క్స్ కాలమ్‌లో కాల్ సెంటర్ వాళ్లు కస్టమర్ నంబర్ టైప్ చేసేస్తే ఏ పేరు పెట్టి వెతుకుతాం?

ఇంకోటి, ఒకసారి ఆ 37 వరుసలిచ్చిన మొదటి క్వెరీని మా జూనియర్‌కిస్తే తనకి 9 వరుసలే వచ్చాయి. ఆ అమ్మాయి లాగిన్‌కి పర్మిషన్ ఉన్న టేబుల్స్ వరకే వ్యూ చూపించింది. మొదట్లో "ఎవరైనా నడుపుకోవచ్చు" అని అందరికీ చెప్పింది నేనే, ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. ఆడిట్‌కి ఇచ్చే జాబితా అడ్మిన్ లాగిన్‌తోనే తీయండి.

మాకున్నవి నాలుగే డేటాబేస్‌లు, కాబట్టి ఒక్కోదాంట్లోకి వెళ్లి విడివిడిగా నడపడం పెద్ద బాధ కాదు. వందల్లో ఉన్నవాళ్లు అన్నింట్లో తిరిగే స్క్రిప్ట్ రాసుకోక తప్పదు. మాస్క్ ఉన్నా, వరుసల్ని వడకట్టే వేర్ కండిషన్‌లో జీతం ఇంతకీ ఇంతకీ మధ్య అని తడుముతూ అసలు అంకె పట్టేయొచ్చు, ఆ గొడవ వేరే. నా వరకు ఈ వ్యూ లేకుండా ఆడిట్‌కి కూర్చోను, కానీ సోమవారం సోమవారం రెండు క్వెరీలూ నడపాల్సిందే. ఈ వారం కూడా ఒక బీకేపీ టేబుల్ దొరికింది. క్రియేట్ చేసిన తేదీ చూశాను, ఆ రోజు రిలీజ్ డ్యూటీలో ఉన్నది నేనే.