పాత లారీకి టెంపరేచర్ మీటరు: గొట్టం రకమా, వైరు రకమా?

మే నెల ఎండలో కరీంనగర్ గ్రానైట్ మోసే పాత లారీలో ఇంజిన్ వేడి చూపే మీటరు ముల్లు చచ్చుబడితే, విడిగా మరొకటి బిగించక తప్పదు.

శ్రమ: మెకానికల్ (గొట్టం రకం) మీటరుకు కరెంటు అక్కర్లేదు. కానీ బల్బు (ఇంజిన్ నీళ్లలో మునిగి వేడిని పసిగట్టే లోహపు మొన) నుంచి డాష్‌బోర్డు దాకా ఉండే సన్నని గొట్టాన్ని కోసి అతికించడం కుదరదు. బల్బు దూరేంత రంధ్రం క్యాబిన్ గోడకు వేయాలి, మిగిలిన పొడవును చుట్టచుట్టి కట్టాలి. ఎలక్ట్రికల్ (వైరు రకం) మీటరుకు ఇంజిన్ దగ్గరి సెన్సార్ నుంచి ఒక్క వైరు చాలు.

ఖర్చు: గొట్టం విరిగితే మీటరు మొత్తం మార్చాలి. రెండోదానిలో సాధారణంగా సెన్సార్ మారిస్తే సరి.

ప్రమాదం: వైరు రకంలో చిక్కంతా ఎర్తుది; సెన్సార్‌కు అది మరల ద్వారా ఇంజిన్ లోహం నుంచే అందాలి. సెన్సార్ మరలకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుడితే ఎర్తు అందక ముల్లు అబద్ధం చెబుతుంది. మీటరుకు జత కాని సెన్సార్ తగిలించినా అంతే. ఇక ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లన్నీ కారిపోతే రెండు రకాలూ మోసం చేయగలవు. బల్బు చుట్టూ అయినా, సెన్సార్ చుట్టూ అయినా గాలే మిగులుతుంది మరి!

వైరింగ్ అతుకులమయమైన, క్యాబిన్ కదలని బండికి మెకానికల్. క్యాబిన్ ముందుకు వాలే బండికి ఎలక్ట్రికలే. ఎత్తిన ప్రతిసారీ గొట్టం నలుగుతుంది.