సిరొంచలో జిరాక్స్ షాపు: ఒక పంతులమ్మ రివ్యూ

ముందే చెప్పేస్తా, ఈ షాపు నడిపే కుర్రాడు నా దగ్గర నాలుగో తరగతి చదివాడు. ఇప్పటికీ నన్ను 'బాయీ' అనే పిలుస్తాడు. మా సిరొంచ మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణ సరిహద్దు మీదుంది. ఇక్కడి జిల్లా పరిషత్ బడుల్లో పంతులమ్మని మరాఠీ పద్ధతిలో బాయి అంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలైనా అంతే. అందుకని ఒక స్టారు ఎక్కువేశానని మీకనిపిస్తే కాదనను. షాపు పేరు రాయడం లేదు. బస్సు దిగి జిరాక్స్ అంటే చాలు, ఎవరైనా చూపిస్తారు.

గట్టి పని పడింది 2023 మార్చి సమ్మెకి. 14వ తేదీ నుంచి మహారాష్ట్ర అంతా పాత పెన్షన్ కోసం బంద్. ఆఫీసులు, ఆసుపత్రులు, బడులు కలిపి దాదాపు 17 లక్షల మంది ఉద్యోగులు అన్నారు. 2005 నవంబరు 1 తర్వాత చేరినవాళ్లకి అప్పట్లో పాత పెన్షన్ లేదు. మూల వేతనం, డీఏ కలిపి నూటికి పది ప్రతి నెలా కోసేసేవాళ్లు, చివరికి చేతికెంత వస్తుందో మార్కెట్టు చెప్పాల్సిందే. మా నాన్నా బడిపంతులే. ఆయనకి ఆఖరి జీతంలో సగం వచ్చేది, ఆయన పోయాక అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. అదే ఇంట్లో, అదే ఉద్యోగంలో నాకు లేదప్పటికి.

ఫ్లెక్స్ మీద పైన మరాఠీలో 'ఏకచ్ మిషన్, జునీ పెన్షన్', అంటే ఒకటే లక్ష్యం, పాత పెన్షన్. కింద తెలుగులో 'పాత పెన్షన్ మా హక్కు' అని ఉండాలని పట్టుబట్టింది నేనే. పిల్లల అమ్మానాన్నలు చదవాలి కదా. డిజైన్ వీడు చేశాడు, మంచిర్యాలలో ప్రింటు కొట్టించి బస్సులో తెప్పించాడు. విప్పి చూస్తే మరాఠీ లైను ముత్యాల్లా ఉంది. తెలుగులో వత్తులన్నీ ఎగిరిపోయాయి. 'పాత పెనన్ మా హకు'. మళ్లీ కొట్టించే టైం లేదు. వేపచెట్టు కింద ఫ్లెక్స్ పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, నల్ల మార్కరుతో వత్తులు నేనే దిద్దాను. మా మూడో తరగతి పిల్లాడి తండ్రి పక్కన నిలబడి, "బాయీ, మావోడి కాపీలో ఇట్లనే దిద్దుతవా?" అన్నాడు. అడుగుకి 15 రూపాయల లెక్కన మొత్తం వసూలు చేశాడు వీడు. వత్తులకైనా తగ్గించరా అంటే నవ్వాడు, తగ్గించలేదు.

పదో తరగతి పరీక్షలు నడుస్తున్నాయప్పుడు, అదొక టెన్షన్. 20వ తేదీన అప్పటి ముఖ్యమంత్రి ఏకనాథ్ షిందేతో మాటలయ్యాక సమ్మె విరమించారు. ఆ మెసేజ్ నేను ఈ షాపు బెంచీ మీదే చూశాను. ఇంటికెళ్తే అమ్మ, "మీ నాన్నోళ్లు 54 రోజులు కూర్చున్నరు, మీరు వారానికే లేచొచ్చిన్రా?" అంది. 1977 చివర్లో మొదలైన సమ్మె సంగతి అది. అప్పటికి గడ్చిరోలి జిల్లానే లేదు, మేం చంద్రపూర్ కింద ఉండేవాళ్లం. కరపత్రాలు సైక్లోస్టైల్ చేసి ఇంటికొచ్చేవాడట నాన్న. ఆ సిరా చేతులతో అన్నం ముట్టొద్దని అమ్మ పోరు.

అసలు ఐదు స్టార్ల పని 2024లో. ఉద్యోగ ప్రకటన 2005 నవంబరు 1కి ముందు వచ్చి, చేరడం తర్వాతైనవాళ్లు పాత పెన్షన్ ఎంచుకోవచ్చని ఆ జనవరిలో మంత్రివర్గం ఒప్పుకుంది. దాదాపు 26 వేల మందికన్నారు. నేను 2006లో నెలకి 3,000 రూపాయల శిక్షణ సేవక్‌గా, అంటే ఇంకా పర్మనెంటు కాని కొత్త టీచరుగా చేరాను. ప్రకటన అంతకుముందు ఏడాది వేసవిది. రుజువు కావాలంటే పేపరు కటింగే. అమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది, పసుపు పచ్చగా మారి, సరిగ్గా తేదీ దగ్గరే మడత పడి.

ఇంకో షాపులో జిరాక్స్ తీయిస్తే వెనక పేజీలోని చీరల ప్రకటన కూడా కలిసి అచ్చయింది, ఏదీ చదవరాలేదు. వీడు కటింగ్‌ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. మడత మీద వేలు పెట్టలేదు. నల్ల చార్టు ముక్క కత్తిరించి వెనకాల పెట్టి స్కాన్ చేశాడు. చీరలు మాయం. మధ్యలో కరెంటు పోయింది, గంట కూర్చున్నాం. కరెంటొచ్చాక తేదీ ఉన్న చోట మాత్రం పెద్దది చేసి, నలుపు పెంచి, "బాయీ, చదువు" అన్నాడు. చదవగలిగాను. మూడు సెట్లు తీసి పేజీలు తిప్పుతూ రెండోదాంట్లో నా సంతకం లేదని పట్టుకున్నాడు. జిల్లా కేంద్రం గడ్చిరోలి ఇక్కడికి రెండొందల కిలోమీటర్లకి పైనే, ఒక్క సంతకం కోసం మళ్లీ పోవాలంటే రెండు రోజులు పోతాయి. నా ఫైలు ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. బిల్లు 40 రూపాయలు.

ఫిర్యాదులు: పేజీకి 3 రూపాయలు, పక్కన 2 కే తీస్తారు. మధ్యాహ్నం తర్వాత బెంచీ మీద ఎండ. ఎప్పుడు షట్టరు దించుతాడో చెప్పలేం. పెన్‌డ్రైవ్ ఇవ్వకండి, వైరస్‌తో తిరిగొస్తుంది.

పోయిన నెల కొత్త బోర్డు పెట్టించాడు. 'పాస్‌పోర్ట్ ఫోటోలు ఇవబడును' అని ఉంది. ఈసారి వెళ్లినప్పుడు మార్కరు తీసుకెళ్తా.